చరకుణ్ణి ఎలా చదవాలి?

మా బడిలో పదో తరగతి వరకూ చదువుకొని, ఇప్పుడు ఒక వైద్య కళాశాలలో రెండో సంవత్సరంలో వున్న అమ్మాయి సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మా యింటికొచ్చింది. మాటల మధ్యలో ఇలా అంది: "సార్, మేం చేరిన మొదటి నెలలో ఆయుర్వేదం గురించి ఒక పూట చెప్పారు. వచ్చినాయన మన పూర్వీకులకు తెలియనిదంటూ లేదన్నారు. మర్నాడు ఇంకో మేడం అదంతా చెత్త, బుర్రలోంచి తీసేయండి అన్నారు. పరీక్షల్లో రాదు గనక మేం రెండు మాటల్నీ వదిలేశాం. మీరు సంస్కృతం కూడా కొంత చదివారు కదా, చరకసంహితలో నిజానికి ఏముంది?"

నాకు వెంటనే జవాబు చెప్పడం చేతకాలేదు. ఎం.ఏ.లో మేం చదివిన సంస్కృతం కావ్యాలకే పరిమితం. చరకుడి పేరు విన్నాం గాని పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. ఆ అమ్మాయి వెళ్ళాక ఆ పని మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఒకటి స్పష్టమైంది. వైద్య విద్యార్థులకు ఇతర వైద్య విధానాలు నేర్పాలా వద్దా అన్న వివాదంలో సగం వైద్యానికి సంబంధించింది కాదు. అది ఒక పాత గ్రంథాన్ని ఎలా చదవాలన్న వివాదం. పాత గ్రంథాన్ని ఎలా చదవాలో ఎరిగి వుండవలసింది సాహిత్య విమర్శకులు, సాహిత్య విద్యార్థులు. ఈ వ్యాసం ఈ పత్రికలో రావడానికి కారణం అదే.

1

ముందు పరిస్థితి ఏమిటో చూద్దాం. 2019లో అమల్లోకి వచ్చిన కొత్త ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక మొదటి నెలను 'ఫౌండేషన్ కోర్సు'గా నిర్ణయించింది. వైద్య చరిత్ర, వైద్య నీతితో పాటు దేశంలో వున్న ఇతర వైద్య విధానాల పరిచయం కూడా అందులో చేర్చింది. అల్లోపతి విద్యార్థులందరికీ ఆయుష్ విధానాల మీద ప్రాథమిక అవగాహన వుండాలనీ, వాళ్ళకు దీని మీద వుండాలనీ 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. 2021 నాటి హౌస్ సర్జన్ నిబంధనలు భారతీయ వైద్య విధానాల్లో ఏదో ఒకదానిలో వారం రోజుల శిక్షణను చేర్చాయి. 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్, వైద్యవిద్యలో అడుగుపెట్టే విద్యార్థుల చేత సవరించిన 'చరక శపథం' చేయించవచ్చని సిఫారసు చేసింది. ఆ ఏప్రిల్ చివర మదురై వైద్య కళాశాలలో విద్యార్థులు ఆ ప్రమాణం చేస్తే తమిళనాడు ప్రభుత్వం డీన్‌ను పదవినుంచి తప్పించి, కొద్ది రోజులకే మళ్ళీ నియమించింది. ఎం.బి.బి.ఎస్.నూ ఆయుర్వేద పట్టానూ కలిపి ఒకే కోర్సుగా పెట్టే ఆలోచన 2025లో ముందుకొచ్చింది. వైద్యుల సంఘం దాన్ని వ్యతిరేకించింది.

ఇక్కడ 'ప్రత్యామ్నాయం' అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. దేనికి ప్రత్యామ్నాయం? మన ఊళ్ళలో చాలామందికి ఆయుర్వేదమో, నాటువైద్యమో, ఆర్.ఎం.పి. డాక్టరో ప్రత్యామ్నాయం కాదు. అందుబాటులో వున్నది అదొక్కటే. ప్రత్యామ్నాయమంటే ఎంచుకోవడానికి కనీసం రెండు వుండాలి కదా! పోనీ 'భారతీయ వైద్యం' అందామంటే, ఆయుష్ అనే గొడుగు కింద చేర్చినవాటిలో హోమియోపతి 18వ శతాబ్దపు చివర జర్మనీలో హానెమన్ మొదలుపెట్టింది. యునాని పేరులోనే గ్రీకు దేశం వుంది. అది అరబ్బుల మీదుగా మన దగ్గరికి వచ్చింది. 2003లో ఒక ప్రభుత్వ విభాగానికి పెట్టిన పేరు 2014లో మంత్రిత్వశాఖ అయింది. తమలో తమకే పొసగని సిద్ధాంతాలు ఒకే గాటన పడ్డాయి. అన్నిటినీ కలిపి నెత్తిన పెట్టుకునేవాళ్ళూ, అన్నిటినీ కలిపి తోసేసేవాళ్ళూ, ఇద్దరూ ఆ గాటను ప్రశ్నించరు.

2

రెండు వైద్యాలనూ ఒకే కప్పు కింద బోధించడం కొత్తేమీ కాదు. ఈ దేశంలో రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ మూతపడింది. ఎందుకు మూతపడిందో తెలియకుండా మూడోసారి మొదలుపెట్టడం చరిత్రను లెక్కచేయకపోవడమే.

1822లో కంపెనీ ప్రభుత్వం కలకత్తాలో నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టింది. సైన్యానికి చవకగా దేశీ వైద్య సహాయకులు కావాలి. దేశభాషల్లోకి తర్జుమా చేసిన పాశ్చాత్య వైద్యం, దానితోపాటు దేశీ వైద్యం కూడా చెప్పేవారు. సంస్కృత కళాశాలలోనూ, మదర్సాలోనూ వైద్య తరగతులుండేవి. 1835లో బెంటింక్ వీటన్నిటినీ ఒక్క ఉత్తర్వుతో రద్దు చేసి, ఇంగ్లీషులో మాత్రమే బోధించే మెడికల్ కాలేజీ స్థాపించాడు. మెకాలే విద్యాపత్రం వచ్చిన సంవత్సరం కూడా అదే. దేశభాషల చదువుకూ, దేశీ వైద్యం చదువుకూ ఒకే ఏడాది తలుపులు మూసుకున్నాయి. అయితే ఆ కథలో మనం మరిచిపోకూడని ఇంకో ముక్క వుంది. సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం చెప్పిన మధుసూదన్ గుప్తా అనే వైద్యుడే 1836లో ఆ కొత్త కాలేజీలో మానవ శవాన్ని కోసి అధ్యయనం చేశాడు. కులం నుంచి వెలివేస్తారన్న భయాన్ని జయించినవాడు పాత వైద్యం చదువుకున్న పండితుడే. సంప్రదాయం ఒకవైపు, శాస్త్రం ఒకవైపు గీత గీసి నిలబెట్టేవాళ్ళకు ఈ మనిషి ఎక్కడా ఇమడడు.

రెండో ప్రయత్నం మన ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోనే జరిగింది. జాతీయోద్యమం ఊపందుకున్న రోజుల్లో, 1921లో మద్రాసు ప్రభుత్వం దేశీ వైద్యాల మీద మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన కమిటీ వేసింది. పాశ్చాత్య వైద్యం చదివిన కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి దానికి కార్యదర్శి. 1923లో నివేదిక వచ్చింది. 1925లో మద్రాసులో దేశీ వైద్య పాఠశాల వెలిసింది. అక్కడ ఆయుర్వేదం, సిద్ధ, యునానీలతో పాటు ఆధునిక శరీరశాస్త్రం కూడా చెప్పారు. అది పెరిగి కాలేజీ అయింది, తర్వాత 'సమన్వయ వైద్య కళాశాల' అయింది, చివరికి 1960లో కీల్పాక్ మెడికల్ కాలేజీగా మారిపోయింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోనూ ఆయుర్వేద కళాశాల స్థానంలో అదే 1960లో ఆధునిక వైద్య కళాశాల వచ్చింది. 1948లో చోప్రా కమిటీ సమన్వయమే మార్గమన్నది. 1963లో వ్యాస్ కమిటీ అందుకు పూర్తిగా ఎదురుగా 'శుద్ధ' ఆయుర్వేదం కావాలన్నది.

సమన్వయం ఎందుకు నిలవలేదు? విద్యార్థులు ఎం.బి.బి.ఎస్. అడిగారు కాబట్టి అంటారు. నిజమే, అడిగారు, సమ్మెలు చేశారు. జీతం, హోదా, ఉద్యోగం అన్నీ ఆ పట్టా వైపే వున్నాయి. కాని అసలు లోపం మరొకటి. ఉదయం ఒక గదిలో వాతపిత్తకఫాలనూ, మధ్యాహ్నం ఇంకో గదిలో సూక్ష్మజీవులనూ చెప్పారు. రెండూ ఒకదానితో ఒకటి తలపడే మూడో గది లేదు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో, దేనిలో ఎంత నిజమో తేల్చే పద్ధతి ఏమిటన్నది ఎవరి పాఠంలోనూ లేదు. ఆ బరువు విద్యార్థి నెత్తిన పడింది. మా అమ్మాయి చెప్పిన ఒక పూట ఆయుర్వేదం, మర్నాటి తిట్టు సరిగ్గా అవే రెండు గదులు. వందేళ్ళ తర్వాత కూడా మూడో గది కట్టలేదు.

3

ఆ మూడో గదిలో మొదటి పాఠం చరకసంహితే కావచ్చు. అయితే దాన్ని వేదంలా కాక ఒక గ్రంథంలా చదవాలి.

మనం భారతాన్ని ఎలా చదువుతాం? పొరలు చూస్తాం, ప్రక్షిప్తాలు చూస్తాం, ఏ మాట ఏ కాలానిది, ఎవరి ప్రయోజనానికి వచ్చింది అని అడుగుతాం. చరకసంహిత తన పొరల్ని తానే దాచుకోలేదు. అగ్నివేశుడు రాసినదాన్ని చరకుడు సంస్కరించాడు. లోపించిన భాగాన్ని, చికిత్సాస్థానంలో 17 అధ్యాయాలనూ కల్ప, సిద్ధి స్థానాలనూ, శతాబ్దాల తర్వాత దృఢబలుడు పూర్తిచేశాడు. అంటే ఈ శాస్త్రం మారనిది, అనాది అనే మాటను ఆ గ్రంథమే ఖండిస్తున్నది.

అందులో చికిత్సను మూడు రకాలుగా చెప్పారు: మంత్రాలూ మణులూ హోమాల మీద ఆధారపడింది దైవవ్యపాశ్రయం, ఆహారం మందుల యోజన మీద ఆధారపడింది యుక్తివ్యపాశ్రయం, మనస్సును నిగ్రహించేది సత్త్వావజయం. గ్రంథంలో అత్యధిక భాగం రెండోదాని గురించే. దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ 1977లో వెలువరించిన 'సైన్స్ అండ్ సొసైటీ ఇన్ ఏన్షెంట్ ఇండియా' గ్రంథంలో ఈ విషయాన్నే పట్టుకున్నారు. ప్రత్యక్ష పరిశీలన మీద నిలబడిన వైద్యం ఒకవైపు, దానిమీద పేరుకున్న పురోహిత భావజాలం మరోవైపు, రెండూ ఒకే గ్రంథంలో పోట్లాడుకుంటున్నాయని ఆయన వాదన. ఆయన గీసిన గీత కొన్నిచోట్ల మరీ సూటిగా వుందని నాకనిపిస్తుంది. ఒకే వైద్యుడు మందూ ఇచ్చి మంత్రమూ చదివి వుండవచ్చు, ఇప్పటికీ చేస్తున్నారు. అయినా ఆ చదివే పద్ధతి మనకు కావాలి.

ఇప్పుడు శపథం సంగతి. విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో శిష్యుడికి గురువు చెప్పే ఉపదేశం వుంది. రోగి మేలు కోసం సర్వశక్తులా పాటుపడాలని, తన ప్రాణం మీదికి వచ్చినా రోగికి ద్రోహం చేయరాదని, రోగి ఇంటి గుట్టు బయటపెట్టరాదని వుంది. ఇవి ఏ దేశంలోనైనా గొప్ప మాటలే. అదే ఉపదేశంలో శిష్యుడు బ్రహ్మచారిగా, గడ్డంతో, మాంసం ముట్టకుండా వుండాలనీ, గోబ్రాహ్మణుల మేలు ముందు కోరాలనీ, రాజుకు గిట్టనివాళ్ళకు వైద్యం చేయరాదనీ, భర్తో సంరక్షకుడో దగ్గర లేని స్త్రీకి చేయరాదనీ కూడా వుంది. 'సవరించిన' శపథంలో వీటిలో చాలా భాగం వుంచలేదు. తీసేయడం సబబే. కాని తీసేశామని విద్యార్థికి చెప్పకుండా, మిగిలిన ముక్కకు చరకుడి పేరు పెట్టి చేతులు చాపించి చదివించడం బోధన కాదు. హిప్పోక్రటీసు ప్రమాణానికీ ఇది వర్తిస్తుంది. అపోలో దేవుడి మీద ఒట్టుతో మొదలయ్యే ఆ పాఠం, విద్యను గురువు కొడుకులకూ ప్రమాణం చేసినవాళ్ళకూ తప్ప చెప్పరాదంటుంది. అందుకే ప్రపంచ వైద్య సంఘం 1948లో జెనీవా ప్రకటన రాసుకుంది, 2017లో దాన్ని మళ్ళీ సవరించుకుంది. మార్పు చేసిన తేదీ పైన వేసుకుంది. చేసిన మార్పుకు తేదీ వేసుకునే ఆ నిజాయితీయే విద్యార్థికి నేర్పవలసింది.

విచిత్రమేమంటే, శపథాన్ని కత్తిరించి తెచ్చుకున్న ఆ అధ్యాయంలోనే మనకు కావలసిన అసలు పాఠం వుంది. వైద్యం నేర్వదలచినవాడు ముందు శాస్త్రాన్ని పరీక్షించాలనీ, లోకంలో వైద్యశాస్త్రాలు చాలా వున్నాయనీ ఆ అధ్యాయం మొదట్లోనే వుంది. ఈ విద్యకు అంతు లేదనీ, మంచి మాట శత్రువు నోటినుంచి వచ్చినా స్వీకరించాలనీ వుంది. వైద్యులు తమలో తాము ఎలా వాదించుకోవాలో, హేతువు ఎలా చూపాలో, ఓడిన వాదాన్ని ఎలా గుర్తించాలో పేజీల కొద్దీ వుంది. గడ్డం, గోవులు పోతే పోయాయి. పరీక్షించే హక్కు మాత్రం ఎందుకు పోవాలి? నేటి విద్యార్థి చరకుణ్ణే పరీక్షకు పెడితే చరకుడి మాట మీరినట్టు కాదు, పాటించినట్టు.

4

గ్రంథం చెప్పని సంగతి కూడా చదవాలి. మూలికల పేర్లూ రూపాలూ మేకల కాపరులకు, గొర్రెల కాపరులకు, ఆవుల కాపరులకు, అడవుల్లో తిరిగేవాళ్ళకు తెలుసునని చరకసంహిత మొదటి అధ్యాయమే ఒప్పుకుంటుంది. ఆ వెంటనే, పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన చాలదు, ప్రయోగం తెలిసినవాడే వైద్యుడు అంటుంది. తెలివి ఎవరిది, పేరు ఎవరిది అన్న తగాదా అంత పాతది.

శస్త్రచికిత్స సంగతి మరీ స్పష్టం. శవాన్ని నీళ్ళలో నానబెట్టి, పొరలు పొరలుగా గీకి, కంటితో చూసి నేర్చుకోమన్నాడు సుశ్రుతుడు. కాని శవాన్నీ నెత్తురునూ చీమునూ అంటరానివి చేసిన ధర్మశాస్త్రాల నీడలో ఆ మాట ఎంతకాలం నిలుస్తుంది? మనుస్మృతి వైద్యుడి ఇంటి కూడు తినరానిదంది. చేతిపని పండితుల నుంచి కింది కులాలకు జారింది. 1794 అక్టోబరులో లండన్‌లోని 'జెంటిల్మెన్స్ మ్యాగజైన్' ఒక వార్త ప్రచురించింది. ఇంగ్లీషు సైన్యం కింద బండి తోలే కావస్‌జీ అనే మనిషికి టిప్పు సుల్తాను సైనికులు ముక్కు కోసేశారు. పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన నుదుటి చర్మం తీసి అతనికి ముక్కు అతికించాడు. ఆ వార్త చదివిన కార్ప్యూ 1814లో లండన్‌లో అదే పద్ధతిలో శస్త్రచికిత్స చేశాడు. పత్రికలో బాధితుడి పేరు వుంది, లండన్ వైద్యుడి పేరు చరిత్రలో వుంది. కత్తి పట్టిన ఇటుకల పనివాడి పేరు లేదు.

సుశ్రుతుడి గొప్పతనం చెప్పేవాళ్ళు ఈ కథ సగమే చెబుతారు. గ్రంథం పండితుల ఇళ్ళలో వుంది, చెయ్యి ఇటుకల బట్టీలో వుంది, రెండూ కలవలేదు. మన తెలుగునాట గడ్డలు కోసిన మంగళ్ళూ, కాన్పులు చేసిన మంత్రసానులూ, పుత్తూరులో ఎముకలు కట్టేవాళ్ళూ అటువంటి చేతులే. 2020 నవంబరులో ఆయుర్వేద శస్త్ర విభాగాల పి.జి. విద్యార్థులు 58 రకాల శస్త్రచికిత్సలు నేర్చి చేయవచ్చని నోటిఫికేషన్ వచ్చింది. డిసెంబరు 11న అల్లోపతి వైద్యులు దేశమంతా నిరసన తెలిపారు. పత్రికల్లో ఒకవైపు 'సుశ్రుతుడి వారసులు', ఇంకోవైపు 'మిక్సోపతి'. మత్తుమందు ఎవరిది, సూక్ష్మజీవి శుద్ధి ఎవరిది, ఎన్ని ఆపరేషన్లు చేయిస్తే ఒక విద్యార్థి చెయ్యి కుదురుతుంది అనే ప్రశ్నలు ఆ గోలలో వెనకపడ్డాయి. రోగికి కావలసిన ప్రశ్నలు మాత్రం అవే.

5

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం నీతులు చెప్పడమవుతుంది.

మా అమ్మకు చక్కెర జబ్బు. ఎనిమిదేళ్ళ కిందట కాళ్ళ వాపుతో పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. యువ వైద్యుడు మర్యాదస్తుడే, పని ఒత్తిడిలో వున్నాడు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగాడు. అమ్మ లేదంది. నిజానికి ఏడాదిగా ఆవిడ సంతలో కొన్న ఒక పొడి రోజూ మింగుతోంది, మాత్రలు సగం మానేసింది. అది నాకు తెలుసు. నేనూ నోరు మెదపలేదు. సభల్లో శాస్త్రీయ దృక్పథం గురించి గంట మాట్లాడే మనిషి ఇంట్లో పొడి పొట్లం వుందని ఆ కుర్ర డాక్టరు ముందు ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. అమ్మ భయం వేరు. అంతకుముందు ఒకసారి ఇంకో చోట నిజం చెబితే, "ఇవన్నీ తిని మా దగ్గరికెందుకొస్తారమ్మా?" అని అందరి ముందూ కసిరారట. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలే సరికి చాలా నెలలు గడిచాయి. ఆ పొడిలో ఏముందో ఎవరూ పరీక్షించలేదు. చక్కెర జబ్బు తనంతట తానే ఆ పని చేయగలదు. కనుక పొడే కారణమని నేను అనలేను. కాని ఆ రోజు నిజం చెప్పివుంటే పొడి ఆగేది, మాత్రలు మళ్ళీ మొదలయ్యేవి. అమ్మ ఆ తర్వాత రెండేళ్ళు బతికింది.

అలాంటి పొడులను అనుమానించడం ఊరికే కాదు. అమెరికాలో బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ప్రమాదకర స్థాయిలో వున్నట్టు 2004లో వైద్య పత్రికలో వచ్చింది. కోవిడ్ రోజుల్లో అందరూ తాగిన తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు నివేదించారు. 'సహజమైనది కనుక హాని చేయదు' అనే మాట వ్యాపార ప్రకటన. గన్నేరు కూడా సహజమే.

వైద్య విద్యార్థికి ఇతర వైద్యాల గురించి ఎందుకు చెప్పాలి అంటే నా మొదటి జవాబు ఆ రోజు గదిలోని ఆ మౌనం. రోగి ఇంకో మందు వాడుతున్నాడు. ఆ సంగతి చెప్పడు. దాన్ని రాబట్టడం ఒక నైపుణ్యం, దాన్ని నేర్పాలి. అది నేర్పాలంటే భాష నేర్పాలి. 'వేడి చేసింది', 'వాతం దిగింది', 'పైత్యం', 'చలువ', 'పత్యం', 'పసరు', 'గాలి సోకింది', 'అమ్మవారు పోసింది' - ఇవి తెలుగువాళ్ళ రోగ నిఘంటువు. ఇందులో ఆయుర్వేదం వుంది, గ్రామదేవత వుంది, అనుభవం వుంది, భయం వుంది. ఇంగ్లీషులో చదివిన విద్యార్థి 'వేడి చేసింది' అనగానే జ్వరం అని రాసుకుంటాడు. ఆ మాట వెనక మూత్రంలో మంట వుండవచ్చు, నోటిపూత వుండవచ్చు, తను మింగిన మాత్ర పడలేదన్న ఫిర్యాదు కూడా వుండవచ్చు. 'పత్యం' అన్న మాట అర్థం కాని డాక్టరు, రోగి మందుతోపాటు అన్నం కూడా తగ్గించేశాడని తెలుసుకోలేడు. ఈ మాటల్ని వెక్కిరించకుండా వినడం, విన్నదాన్నల్లా నమ్మకుండా వుండడం, రెండూ కావాలి. కథకులకు ఇది కొత్త కాదు. పాత్ర మాటను విని అర్థం చేసుకోవడం మన పని కదా.

ఈ దారి చూపిన పుస్తకం తెలుగులో వుంది. డేవిడ్ వెర్నర్ రాసిన 'వైద్యుడు లేని చోట' మొదటి అధ్యాయమే ఇంటి వైద్యాలు, నమ్మకాల గురించి. ఏవి మేలు చేస్తాయి, ఏవి ఏమీ చేయవు, ఏవి చంపుతాయి అని అది విడదీసి చూపుతుంది. అన్నీ మంచివనీ అనదు, అన్నీ మూఢనమ్మకాలనీ అనదు.

6

విడదీసేందుకు కొలబద్ద ఏమిటి? పచ్చకామెర్లకు ఆకు పసరు తీసుకుందాం. మన జిల్లాల్లో పసరు పోయని ఊరు అరుదు. పసరు పోశారు, కామెర్లు తగ్గాయి. మనం మామూలుగా చూసే ఎ, ఇ రకాల వైరస్ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినవాళ్ళకూ తగ్గుతాయి, తాగనివాళ్ళకూ తగ్గుతాయి. కామెర్లకు కారణం పిత్తనాళానికి అడ్డుపడిన గడ్డో, బి రకం వైరసో అయితే తగ్గకపోవచ్చు. అప్పుడు పోయిన కాలం తిరిగిరాదు. తగ్గినవాళ్ళు పదిమందికి చెబుతారు, పోయినవాళ్ళు చెప్పలేరు. మందు వాడినవాళ్ళను వాడనివాళ్ళతో పోల్చి చూడాలన్న నియమం పుట్టింది ఇందుకే. ఇది పాశ్చాత్యుల సొత్తు కాదు. ఇదే కొలబద్దతో ఆధునిక వైద్యం తన మందులనే ఎన్నిటినో తీసి పారేసింది. ఇక ముందు కూడా పారేయవలసినవి వున్నాయి. మందుల కంపెనీల లాభం ఆ కొలబద్దను వంచుతోందన్న విమర్శ సరైనదే. దానికి మందు కొలబద్దను సరిచేయడం, అవతల విసిరేయడం కాదు.

కొలబద్దకు నిలిచినవీ వున్నాయి. సర్పగంధి వేరు మన వైద్యంలో పాతది. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రక్తపోటు మీదా ఉన్మాదం మీదా దాని ప్రభావాన్ని ప్రకటించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగుల మీద తన ఫలితాలను బ్రిటిష్ పత్రికలో అచ్చువేశాడు. 1952లో స్విట్జర్లాండులో దాన్నుంచి రెసర్పిన్ వేరుచేశారు. కొంతకాలం ప్రపంచమంతా వాడి, అంతకన్నా మంచివి దొరికాక పక్కన పెట్టింది. శాస్త్రంలో గౌరవమంటే అదే: పరీక్షించడం, వాడడం, పక్కన పెట్టడం. చైనాలో 1967లో మొదలైన మలేరియా మందుల పరిశోధనలో తు యూయూ నాలుగో శతాబ్దపు వైద్య గ్రంథం చదివి, మూలికను మరిగించకూడదేమోనని ఊహించింది. తక్కువ వేడిలో సారం తీసి ఆర్టెమిసినిన్ సాధించింది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె ఆ పాత గ్రంథానికి పూజ చేయలేదు, దాన్ని జాగ్రత్తగా చదివింది.

మనవాడు ఎల్లాప్రగడ సుబ్బారావు కథ ఇక్కడ చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, పూర్తి పట్టా బదులు ఎల్.ఎం.ఎస్.తో బయటపడ్డాడు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించాడు. అన్నదమ్ముల్ని బలిగొన్న స్ప్రూ వ్యాధి తనకు వస్తే లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో నయమైందని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్ళు చెప్పారు. తర్వాత అమెరికా వెళ్ళాడు. అదే వ్యాధికి పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడయ్యాడు. తనకు నయం చేసిన వైద్యాన్ని ఆయన తూలనాడలేదు, అదే చాలనీ అనుకోలేదు. ఎందుకు నయమైంది అని అడిగాడు. ఆ 'ఎందుకు' ఆయన్ని మద్రాసు నుంచి బోస్టన్ దాకా నడిపించింది.

7

దీనికి ఎదురుగా హైదరాబాదులో మృగశిర కార్తెనాటి చేప మందును పెట్టి చూడండి. శాస్త్రీయ పరీక్ష చేయాలన్న డిమాండు లేచాక అది 'చేప ప్రసాదం' అయింది. మందుకు పరీక్ష వుంటుంది, ప్రసాదానికి వుండదు. ఒక్క మాట మార్చి ప్రశ్న నుంచి తప్పించుకోవచ్చు. మాటల మనుషులం మనం ఇది గమనించకపోతే ఇంకెవరు గమనిస్తారు? 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి కోవిడ్ మందు కోసం వేల జనం వెళ్ళినప్పుడు వాళ్ళను మూఢులని రాసినవాళ్ళు మనలో వున్నారు. ఆ రోజుల్లో ఆసుపత్రిలో పడక లేదు, ఆక్సిజన్ లేదు, ప్రైవేటు బిల్లు కట్టే స్తోమతు లేదు. ఆ మందు పనిచేస్తుందని రుజువు లేదని చెప్పడం మన బాధ్యత. ఆ జనాన్ని అక్కడికి తరిమిన వ్యవస్థ గురించి చెప్పడం అంతకంటె పెద్ద బాధ్యత. ప్రభుత్వం డాక్టర్లను నియమించని పల్లెలకు 'మన సంప్రదాయం'ను పంపిస్తే అది సంప్రదాయం మీద గౌరవం కాదు, ఖర్చు తప్పించుకోవడం. 1822లో కంపెనీ వేసిన చవక లెక్కే అది.

సెలవులు అయిపోయి వెళ్ళేముందు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. నేను రాసుకున్నవి చెప్పాను: వైద్య చరిత్రను కులంతో, వలసపాలనతో కలిపి చెప్పాలి. చరకుణ్ణీ హిప్పోక్రటీసునూ కత్తిరించకుండా చదివించాలి. మూలికలకూ మాత్రలకూ ఒకటే కొలబద్ద పెట్టాలి. మందుల పరస్పర హాని నేర్పాలి. అన్నిటికన్నా ముందు, రోగి భాష నేర్పాలి. ఆ అమ్మాయి అన్నీ విని, "ఇవన్నీ ఎవరు చెబుతారు సార్, మా సిలబస్‌లో గంటలెక్కడున్నాయి?" అంది. నిజమే. ఆ గంటలు అడగడం వైద్య విద్యార్థుల పని, వాళ్ళతో కలిసి అడగడం మన పని. అంతవరకూ ఒక్కటి చేయమన్నాను. ఎవరైనా ముసలావిడ వేరే మందులేమీ వాడటం లేదని చెబితే వెంటనే కాగితం మీద రాసుకోవద్దని, కాస్త కూర్చుని, "పొడులూ పసర్లూ ఏమైనా వాడుతున్నావా అమ్మా, నేను కోప్పడను" అని ఇంకోసారి అడగమన్నాను. పక్కన తల దించుకుని నిలబడ్డ కొడుకును కూడా అడగమన్నాను.